వల వేసే ముందు: లంచం అడిగినవాళ్లను పట్టించే పద్ధతి, అందులో దాటకూడని గీతలు

"ఏసీబీ వలలో" అన్న మాట పేపర్లో చదివీ చదివీ అలవాటు పడిపోయాం గానీ, అది నిజంగా వలే. పొడి పూసిన నోట్లు, జేబులో రికార్డరు, ఏమీ ఎరగనట్టు పక్కన కూర్చునే సాక్షి. అవతలి మనిషిని నమ్మించి పట్టుకోవడమే ఈ పద్ధతి. మామూలుగా అయితే దీన్ని మోసం అంటాం. ఇక్కడ దాన్ని ప్రభుత్వమే అవినీతి నిరోధక శాఖ (ఏసీబీ) చేత దగ్గరుండి చేయిస్తుంది.

మంచి ఫలితం కోసం అడ్డదారి తొక్కవచ్చా అన్న ప్రశ్న తహశీల్దారు ఆఫీసు వరండాలో రెండు సార్లు ఎదురవుతుంది. మొదటిది ఇచ్చేవాడికి: "నాకు రావాల్సిన పట్టా కోసమే కదా ఇస్తున్నాను, తప్పేముంది?" రెండోది పట్టించేవాడికి: "వాడు దొంగే కదా, ఎలా పట్టిస్తే ఏం?" రెండింటికీ మా జవాబు ఒకటే. దారి సూటిగా లేనప్పుడు, ఆ దారి తొక్కుతున్నట్టు జవాబుదారీ ఉన్న అధికారికి ముందే చెప్పి, కాగితం మీద పెట్టించి తొక్కాలి. చెప్పకుండా తొక్కితే తప్పు తప్పుగానే మిగులుతుంది, కేసూ నిలబడదు. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్లి చేయమన్నారు పెద్దలు. ఇలా వల వేసి పట్టే ట్రాప్ కేసులో ఆ లెక్క చెల్లదు, ఒక్క అబద్ధం బయటపడితే మీరు చెప్పిన నిజాలను కూడా కోర్టు అనుమానంగానే చూస్తుంది.

ఆ దారిలో ఎలా నడవాలో, ఎక్కడ జారిపడతారో ఇక్కడ రాస్తున్నాం. ఇది ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్ర ప్రభుత్వ కార్యాలయాల గురించి. రైల్వే, పోస్టాఫీసు, ప్రభుత్వ రంగ బ్యాంకులాంటి కేంద్ర సంస్థల సిబ్బంది అడిగితే వెళ్లాల్సింది సీబీఐ దగ్గరికి. దానికి హైదరాబాద్‌లోనూ విశాఖపట్నంలోనూ శాఖలున్నాయి.

సూటి దారి నిజంగా మూసుకుపోయిందా?

ఫైలు కదలడం లేదంటే లంచం కోసమే ఆపారని కాదు. కాగితం ఒకటి తక్కువై ఉండొచ్చు, సర్వరు పడిపోయి ఉండొచ్చు, సర్వేయరు పోస్టు ఖాళీగా ఉండొచ్చు. కాబట్టి ముందు చేతిలో రెండు ఆధారాలు ఉంచుకోండి. ఒకటి అర్జీ పెట్టినట్టు రసీదు. మీసేవలోనో సచివాలయంలోనో ఇచ్చే అర్జీ నంబరు చాలు. ఆఫీసులో నేరుగా ఇస్తే నకలు మీద ఇన్‌వార్డు ముద్ర, తేదీ వేయించుకోవాలి. రెండోది ఆ సేవకు సిటిజన్ చార్టర్‌లో, అంటే ఏ పని ఎన్ని రోజుల్లో చేయాలో చెప్పే ప్రకటనలో, రాసిన గడువు.

గడువు దాటితే సమాచార హక్కు దరఖాస్తు వేయండి. గ్రామ స్థాయి కార్యాలయానికి రుసుము లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారు కార్డు నకలు జతచేస్తే ఏమీ కట్టక్కర్లేదు. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. "నా ఫైలు ఎందుకు ఆపారు?" అని రాస్తారు. చట్టం ప్రకారం ఇవ్వాల్సింది రికార్డులో ఉన్న సమాచారమే, సంజాయిషీ కాదు. అందుకని తిప్పి పంపేస్తారు. ఇలా రాయండి:

"ఫలానా తేదీన ఇచ్చిన ఫలానా నంబరు అర్జీపై ఇప్పటివరకు తేదీలవారీగా తీసుకున్న చర్యలు, ఆ అర్జీ ఏ హోదా గల ఉద్యోగి వద్ద ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు ఉన్నది, సంబంధిత నోట్ ఫైలు నకలు, ఈ సేవకు నిర్ణయించిన గడువు."

30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోయినా, వచ్చింది అసంపూర్తిగా ఉన్నా, 30 రోజుల్లోపు అదే శాఖలోని అప్పిలేట్ అధికారికి మొదటి అప్పీలు వేయాలి. దానిమీదా న్యాయం జరగకపోతే 90 రోజుల్లోపు రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. ఆలస్యానికి కమిషన్ రోజుకు 250 రూపాయల చొప్పున 25,000 వరకు జరిమానా వేయగలదు. ఆ జరిమానా సమాచారం ఇవ్వాల్సిన అధికారి సొంత జేబులోంచి పోతుంది కాబట్టే, "ఎవరి దగ్గర ఎన్ని రోజులు" అన్న ఒక్క ప్రశ్నకు ఎన్నో ఫైళ్లు కదులుతాయి. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణిలోనో, ఆంధ్రలో పీజీఆర్ఎస్ అనే ఫిర్యాదుల పరిష్కార వేదికలోనో అర్జీ ఇచ్చి ఆ నంబరు కూడా దాచుకోండి.

ఇదంతా చేస్తే నెలా రెండు నెలలు పడుతుంది. పిల్లాడి సీటుకు సర్టిఫికెట్ రేపే కావాలంటే కుదరదు. ఆ మాట నిజం. కానీ లంచం అడిగింది వాస్తవమైతే సమాచార హక్కు ముగిసేదాకా ఆగాల్సిన పని కూడా లేదు. అడిగిన క్షణమే నేరం పూర్తయినట్టు. ఈ కాగితాల అసలు ఉపయోగం వేరే ఉంది. మీ పని న్యాయమైనదని, నిర్ణయం ఆ అధికారి చేతిలోనే ఉందని, గడువు దాటిందని రేపు కోర్టులో చెప్పేవి ఇవే.

అడిగిన రోజు

నేరుగా "ఇంత ఇవ్వు" అనేవాళ్లు తక్కువ. "ఖర్చులుంటాయి కదా", "పైన కూడా చూసుకోవాలి", "బయట ఉన్న అతన్ని కలువు" అంటారు. ఇంటికి వచ్చాక కాదు, ఆఫీసు గేటు దాటగానే నోటుబుక్కులో రాయండి. తేదీ, గంట, ఏ గది, ఎవరెవరున్నారు, ఆయన అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు. "పది వేలు లంచం డిమాండ్ చేశారు" అని రాయకండి. "పది అయితే చూద్దాం అన్నారు" అంటే అలాగే రాయండి. మీ భాషలోకి మార్చి రాస్తే, క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఆ మార్పునే పట్టుకుంటారు.

ఫోన్‌లో రికార్డు చేసుకోవచ్చా? మీరు పాల్గొన్న సంభాషణను మీరు రికార్డు చేసుకుంటే కోర్టు దాన్ని సాక్ష్యంగా చూస్తుంది. 1972లో ఆర్.ఎం. మల్కానీ కేసులో సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది సరిగ్గా ఇలాంటి విషయమే. బొంబాయి కరోనరు (అనుమానాస్పద మరణాలను విచారించే అధికారి) ఒక డాక్టరును డబ్బు అడిగిన ఫోన్ సంభాషణను, ఆ డాక్టరు సమ్మతితో పోలీసులు టేపు చేశారు. ఆ టేపు చెల్లుతుందన్నారు. కానీ మీరు లేని గదిలో ఫోను దాచిపెట్టి వేరేవాళ్ల మాటలు పట్టడం వేరే విషయం. అది ఎంత మంచి ఉద్దేశంతో చేసినా చేయకండి. ఆ గదిలో మాట్లాడే పదిమందిలో తొమ్మిదిమందికి మీ గొడవతో సంబంధం ఉండదు.

రికార్డు చేశాక చేయకూడనివి మూడు: కత్తిరించడం, శబ్దం పెంచి మళ్లీ సేవ్ చేయడం, వాట్సాప్‌లో పంపి అసలుది చెరిపేయడం. వాట్సాప్‌లో వెళ్లింది నకలే. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియంలోని 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుతో ఒక ధ్రువపత్రం ఇవ్వాలి. అందులో ఫైలు హాష్ విలువ ఉంటుంది. హాష్ అంటే ఆ ఫైలు వేలిముద్రలాంటిది. లోపల ఒక్క సెకను కత్తిరించినా మొత్తం మారిపోతుంది. "అనవసరమైన సోది తీసేశాను" అని నిజాయితీగానే చెప్పినా, తీసేసిన భాగంలో మీరే ఆశ చూపారని అవతలి వకీలు అంటాడు. కాదని చూపించడానికి మీ దగ్గర ఏమీ మిగలదు.

ఫిర్యాదు

రెండు రాష్ట్రాల్లోనూ అవినీతి నిరోధక శాఖ టోల్‌ఫ్రీ నంబరు 1064. ఫోన్ చేసి విషయం చెప్పాక, మీ ప్రాంతానికి బాధ్యుడైన ఏసీబీ డీఎస్పీని కలిసి రాతపూర్వక ఫిర్యాదు ఇవ్వాలి. స్థానిక పోలీసు స్టేషన్‌కు వెళ్లి చుట్టూ తిప్పుకోకండి, మాట బయటికి పొక్కుతుంది. పక్కింటివాళ్లకీ, ఫేస్‌బుక్‌లోనూ చెప్పకండి.

ఒకటిన్నర పేజీ చాలు. మీరెవరు, ఏ పని, ఏ తేదీన అర్జీ, ఎవరు ఎప్పుడు ఏమన్నారు, ఎంత, ఎప్పటికి తెమ్మన్నారు. లంచం ఇవ్వడం మీకు ఇష్టం లేదన్న వాక్యం తప్పకుండా ఉండాలి. మీకు ఇబ్బంది కలిగించే విషయాలు కూడా అందులోనే రాయండి. ఆ అధికారితో ఇంతకుముందు తగాదా ఉందా? మీ ప్లానులో అనుమతి లేని గది ఉందా? ముందే రెండు వేలు ఇచ్చారా? రాసేయండి. మీరే చెబితే అది మామూలు వివరం. మూడేళ్ల తర్వాత అవతలివాళ్లు బయటపెడితే అదే మీ కక్షకు సాక్ష్యమవుతుంది.

మొత్తం విషయంలోనూ మనుషులు పెంచుతారు. అయిదు వేలు అడిగితే "యాభై వేలని రాస్తేనే పట్టించుకుంటారు" అని పక్కవాడు సలహా ఇస్తాడు. వినకండి. మొత్తం చిన్నదైనా కేసు అదే. 2014లో సుప్రీంకోర్టు దాకా వెళ్లిన బి. జయరాజ్ కేసు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ది, రేషన్ దుకాణం సరుకుల విడుదల విషయంలో 250 రూపాయలు అడిగారన్న ఆరోపణ. ఆ కేసు పోయింది మొత్తం చిన్నదై కాదు, వేరే కారణాన. దాని గురించి కింద చెబుతాం.

ఏసీబీ వాళ్లు ముందు మీ ఫిర్యాదును తనిఖీ చేస్తారు. ఆ ఉద్యోగి పేరు ఎలా ఉంది, పని నిజంగా పెండింగ్‌లో ఉందా, మీకు ఏదైనా పాత పగ ఉందా అని చూస్తారు. ఆ తర్వాత ఎఫ్ఐఆర్. 2018 జూలై 26 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ ప్రకారం అవినీతి నిరోధక చట్టం 7వ సెక్షన్ కింద తీసుకున్నవాడికి 3 నుంచి 7 ఏళ్లు శిక్ష. ఆ సవరణతోనే ఇచ్చేవాడికి కూడా 8వ సెక్షన్ కింద 7 ఏళ్ల దాకా శిక్ష వచ్చింది. అయితే దర్యాప్తు సంస్థకు ముందే తెలియజేసి, దానికి సహకరించడం కోసం ఇస్తే నేరం కాదని అదే సెక్షన్ చెబుతుంది. ఈ వ్యాసంలో గుర్తుపెట్టుకోవాల్సింది ఇదే. అదే నోటు, అదే చెయ్యి, అదే బల్ల. ముందు చెప్పి ఇస్తే సాక్షి, చెప్పకుండా ఇస్తే ముద్దాయి.

పొడి, సోడా నీళ్లు

డబ్బు మీరే తెచ్చుకోవాలి. దీని వెనక పాత తీర్పు ఉంది. 1954లో రావ్ శివ్ బహదూర్ సింగ్ కేసులో, పన్నా వజ్రాల గనుల వ్యవహారంలో వింధ్యప్రదేశ్ మంత్రిని పట్టడానికి 25,000 రూపాయలు పోలీసులే సమకూర్చారు. అవినీతిని పట్టాలంటే వల వేయాల్సి రావచ్చు గానీ, ఇచ్చేవాడి దగ్గర డబ్బూ లేదు, తెచ్చే శక్తీ లేదు అన్నప్పుడు పోలీసులే డబ్బిచ్చి నేరం జరిపించడం సమర్థనీయం కాదని సుప్రీంకోర్టు తప్పుపట్టింది. జరుగుతున్న నేరాన్ని పట్టుకోవడం వేరు, జరగని నేరాన్ని పుట్టించడం వేరు. తెచ్చిన నోట్లు కేసు ఆస్తిగా ఉండిపోతాయి కాబట్టి, ఆ మొత్తం మీకు ఎప్పుడు ఎలా తిరిగొస్తుందో డీఎస్పీని ఆ రోజే అడగండి. అప్పు తెచ్చి ఇచ్చేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

ఏసీబీ ఆఫీసులో మీతోపాటు ఇద్దరు మధ్యవర్తులు సాక్షులుగా కూర్చుంటారు. వేరే శాఖలకు చెందిన ప్రభుత్వ ఉద్యోగులు, మీకూ ఆ అధికారికీ సంబంధం లేనివాళ్లు. వాళ్ల ముందు నోట్ల నంబర్లు రాస్తారు. తర్వాత నోట్లకు ఫినాఫ్తలీన్ పొడి రాస్తారు. తెల్లటి మెత్తటి పొడి, నోటు మీద కనబడదు. గ్లాసుడు నీళ్లలో సోడియం కార్బొనేట్, అంటే చాకలి సోడా రకం, కలుపుతారు. రంగు ఉండదు. పొడి తాకిన వేళ్లు అందులో ముంచగానే నీళ్లు గులాబీ రంగుకు తిరుగుతాయి. క్షారంలో పడగానే ఫినాఫ్తలీన్ రంగు మారే గుణం అది. ఇదంతా మీకు చేసి చూపించి, జరిగినదంతా మొదటి నివేదికగా రాసి, అందరితో సంతకాలు తీసుకుంటారు.

ఆ కాగితం మీద సంతకం పెట్టే ముందు చదవండి. మీరు చెప్పినదానికీ అందులో ఉన్నదానికీ తేడా ఉంటే అప్పుడే దిద్దించండి.

ఆ తర్వాత జరిగే చిన్న చిన్న పనులన్నిటికీ కారణం ఉంది. మీ జేబులన్నీ ఖాళీ చేయిస్తారు. పొడి రాసినవాడే నోట్లను మీ జేబులో పెడతాడు, మీ చేతికి ఇవ్వడు. అతను ట్రాప్ జరిగే చోటికి రాకూడదు. మిగిలినవాళ్లంతా చేతులు కడుక్కుంటారు. ఎందుకంటే పొడి ఎవరి చేతికైనా అంటుతుంది, అది మంచివాడి చెయ్యో కాదో పొడికి తెలియదు. మీరు దారిలో నోట్లు తడిమి చూసుకుని, లోపలికి వెళ్లి "నమస్తే సార్" అని చెయ్యి కలిపితే, ఆయన వేళ్లు కూడా గులాబీ రంగే చూపిస్తాయి. ఆయన ఒక్క రూపాయి తీసుకోకపోయినా సరే. అందుకే ట్రాప్ రోజు షేక్‌హ్యాండ్ వద్దు, దండం పెట్టండి. ఆయన పెన్ను తీసుకోకండి, ఆయన ఫైలు తాకకండి. ఆయన సీట్లో లేనప్పుడు డ్రాయరులో పెట్టి బయటికొచ్చి సైగ చేయడం అన్నిటికంటే పెద్ద తప్పు.

అడిగితేనే ఇవ్వండి. ఇక్కడే ఎక్కువమంది తొందరపడతారు. గుండె దడదడలాడుతుంటుంది, బయట టీం కాచుకుని ఉందన్న ఒత్తిడి. లోపలికి వెళ్లగానే "సార్, తెచ్చాను తీసుకోండి" అనేస్తారు. ఇలా మొదలుపెట్టండి:

"సార్, నా మ్యుటేషన్ అర్జీ సంగతి కనుక్కుందామని వచ్చాను."

ఆపై ఆగండి. ఆ మౌనం కష్టంగానే ఉంటుంది, భరించండి. "తెచ్చావా?" అని ఆయన అంటే, "ఎంత అన్నారు సార్?" అని అడగవచ్చు. అది స్పష్టం చేసుకోవడం, అందులో తప్పు లేదు. "ఏం లేదు, వచ్చే వారం రా" అంటే నోట్లతో సహా వెనక్కి రండి. సైగ చేయకండి. ఆ రోజుకు ట్రాప్ లేదని రాసుకుంటారు, అంతే. "కాదు సార్, ఉంచండి, మీరు మొన్న అన్నారుగా" అని బతిమాలితే మీరు గీత దాటారు. బహుశా ఆయన మనసు మార్చుకున్నాడేమో. మార్చుకున్న మనిషిని మళ్లీ లోపలికి లాగే హక్కు మీకు లేదు.

"బయట జిరాక్స్ షాపులో ఇచ్చెళ్లు" అన్నా, "ఈ నంబరుకు ఫోన్‌పే చెయ్" అన్నా, ఆ మాట ఆయన నోటి నుంచి సాక్షి వినేలా, రికార్డరులో పడేలా రావాలి. లేకపోతే దొరికేది జిరాక్స్ కుర్రాడు. యూపీఐలో పంపమన్నప్పుడు పొడికి పని లేదు. డబ్బు పంపకుండా ముందు డీఎస్పీకి చెప్పండి, ఎవరి ఖాతాకు ఎలా వెళ్లాలో వాళ్లు నిర్ణయిస్తారు.

నోట్లు తీసుకున్నాక ముందు అనుకున్న సైగ చేస్తారు. జేబురుమాలుతో ముఖం తుడుచుకోవడమో, మిస్డ్ కాల్ ఇవ్వడమో. టీం లోపలికి వచ్చి రెండు వేర్వేరు గ్లాసుల్లో కుడిచెయ్యి, ఎడమచెయ్యి ముంచమంటుంది. ఆ నీళ్లను సీసాల్లో పోసి సీలు వేస్తారు. నోట్లు జేబులో పెట్టుకుంటే ఆ జేబు గుడ్డను కూడా సోడా నీళ్లలో ఉతుకుతారు. రోజులు గడిచేకొద్దీ సీసాలో రంగు వెలిసిపోవచ్చు. అందుకే అక్కడికక్కడే రాసి సంతకాలు పెట్టే రెండో నివేదికకు అంత విలువ.

రంగు ఏం చెబుతుంది, ఏం చెప్పదు

గులాబీ నీళ్లు నోటును తాకాడని చెబుతాయి. అడిగాడని చెప్పవు. జయరాజ్ కేసులో ఫిర్యాదుదారు కోర్టులో మాట మార్చాడు. నోట్లు దొరికాయి గానీ అడిగినట్టు రుజువు లేదని సుప్రీంకోర్టు శిక్ష కొట్టేసింది. 2015లో పి. సత్యనారాయణమూర్తి కేసు కూడా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌దే, టైప్ ఇన్‌స్టిట్యూట్ గుర్తింపు విషయం. విచారణకు ముందే ఫిర్యాదుదారు చనిపోయాడు. అక్కడా అదే ఫలితం. 2022 డిసెంబరు 15న నీరజ్ దత్తా కేసులో అయిదుగురు జడ్జీల ధర్మాసనం దీన్ని సరిచేసింది. ఫిర్యాదుదారు చనిపోయినా, ఎదురు తిరిగినా, మిగతా సాక్షుల ద్వారా, పరిస్థితుల ద్వారా అడిగినట్టు రుజువు చేయవచ్చు. కానీ రుజువు మాత్రం కావాలి. పక్కనున్న సాక్షి చెవిన పడాలన్నది, నోటుబుక్కులో అప్పటికప్పుడు రాయాలన్నది ఇందుకే.

మీరే వల వేస్తే

ఏసీబీ ఎందుకు, స్పై కెమెరా కొనుక్కుని మనమే తీసి యూట్యూబ్‌లో పెడదాం అనుకునేవాళ్లు ఇప్పుడు ఎక్కువయ్యారు. వాళ్ల ఆవేశం మాకు అర్థమవుతుంది. దీనిమీద కోర్టులు కూడా ఒకే మాట మీద లేవు. 2005లో పార్లమెంటులో ప్రశ్నలు వేయడానికి డబ్బు తీసుకున్న ఎంపీలను జర్నలిస్టులు రహస్యంగా చిత్రించారు, 11 మంది సభ్యత్వం పోయింది. డబ్బిచ్చారని ఆ జర్నలిస్టుల మీద పెట్టిన కేసును ఢిల్లీ హైకోర్టు 2010లో కొట్టేసింది. అవినీతిని బయటపెట్టడం పౌరుడి బాధ్యత అంది. కానీ 2014లో రజత్ ప్రసాద్ కేసులో సుప్రీంకోర్టు అంత దూరం వెళ్లలేదు. 2003లో ఒక కేంద్రమంత్రికి డబ్బిస్తూ రహస్యంగా చిత్రించిన వ్యవహారం అది. ప్రజాప్రయోజనం కోసం చేశామన్నంత మాత్రాన నేరం మాసిపోదు, ఉద్దేశం ఏమిటో విచారణలో తేలాలి అని కేసు కొట్టేయడానికి నిరాకరించింది. ఆ తర్వాత 2018 సవరణ వచ్చింది. ఇప్పుడు ముందు చెప్పకుండా ఇవ్వడమంటే నేరుగా 8వ సెక్షన్ కిందికి వెళ్లడమే.

చట్టం సంగతి పక్కనపెట్టినా ఇంకో భయం ఉంది. 2007లో ఢిల్లీలో ఒక టీచరు విద్యార్థినులను తప్పుడు పనికి దింపుతోందని ఒక చానెల్ రహస్య వీడియో వేసింది. జనం ఆమె మీద పడి కొట్టారు, బట్టలు చించారు. తర్వాత అది కల్పితమని తేలింది. వీడియో తీసినవాడే విలేకరి, తనిఖీ చేసినవాడు, తీర్పు చెప్పినవాడు అయితే జరిగేది ఇదే. ఏసీబీ పద్ధతిలో ఇద్దరు మధ్యవర్తులు, డీఎస్పీ, ల్యాబు, ప్రాసిక్యూషన్‌కు అనుమతి ఇచ్చే శాఖ, జడ్జి, ఇన్ని చేతులు మారుతుంది. విసుగు పుట్టించేంత ఆలస్యం అవుతుంది. తప్పు మనిషి బలికాకుండా ఆపేదీ ఆ చేతులే.

మిమ్మల్ని మీరు తూచుకోవడానికి మేము వాడే ప్రశ్న ఒకటుంది. చేసిన ప్రతి పనీ, అన్న ప్రతి మాటా, ఏదీ దాచకుండా జడ్జి ముందు మీ నోటితో చెప్పగలరా? "ఆ ఒక్క ముక్క మాత్రం వద్దులే" అనిపిస్తే, తప్పు ఆ ముక్కలోనే ఉంది. దాన్ని చేయకముందే మానేయండి. కురుక్షేత్రంలో ధర్మరాజు "కుంజరః" అన్న మాటను గొంతు తగ్గించి అన్నాడు. ఆ తగ్గించడంలోనే విషయం ఉంది.

ఇలాంటి ముక్కలు మేము తరచుగా చూసేవి ఇవి. నిబంధన ప్రకారమే అర్జీ తిరస్కరించిన అధికారి మీద కసితో ఫిర్యాదు చేయడం. తప్పుడు ఫిర్యాదు అదే ఒక నేరం. "ఏసీబీకి చెబుతా" అని బెదిరించి పని చేయించుకుని ఊరుకోవడం. ఇది లంచానికి తోబుట్టువే, డబ్బు బదులు భయం చేతులు మారింది. అడిగింది పై అధికారి అయితే, భయపడి కింది ఔట్‌సోర్సింగ్ ఆపరేటరు పేరు రాయడం.

తప్పక ఇచ్చేస్తే

అర్ధరాత్రి ఆసుపత్రిలో స్ట్రెచర్ తోయడానికి, మార్చురీలోంచి శవాన్ని ఇవ్వడానికి డబ్బు అడిగితే? ఇచ్చేయండి. అక్కడ నీతి గురించి నిలబడి వాదించమని ఎవరూ మీకు చెప్పకూడదు. చట్టం కూడా చెప్పదు. బలవంతంగా ఇవ్వాల్సి వస్తే, ఇచ్చిన తేదీ నుంచి 7 రోజుల్లోపు పోలీసులకో దర్యాప్తు సంస్థకో తెలియజేస్తే మీ మీద 8వ సెక్షన్ వర్తించదు. ఎనిమిదో రోజు ఆ రక్షణ ఉండదు. దుఃఖంలో ఉన్న ఇంట్లో ఏడు రోజులు ఎలా గడిచాయో తెలియదు కాబట్టి, ఈ పని బంధువుల్లో ఒకరికి అప్పగించండి. సమయం, వార్డు పేరు, బ్యాడ్జి మీద పేరు, ఎంత, నగదా యూపీఐనా, యూపీఐ అయితే లావాదేవీ నంబరు. 1064కి ఫోన్ చేసి ఊరుకోకుండా రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి.

ట్రాప్ తర్వాత

కొద్ది రోజుల్లో మేజిస్ట్రేటు ముందు మీ వాంగ్మూలం తీసుకోవచ్చు, ఇప్పుడు బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 183వ సెక్షన్ కింద. ఆగిపోయిన మీ అసలు పని గురించి కూడా డీఎస్పీని అడగండి, సంబంధిత పై అధికారికి విడిగా అర్జీ ఇవ్వండి. అప్పటికే పట్టుకున్న ఫైలు కేసులో ఉంటుంది కాబట్టి మీ కాగితాల నకళ్లు మీ దగ్గర ఉండితీరాలి.

తర్వాత రాజీ కుదర్చడానికి మనుషులు వస్తారు. కులపెద్దలు, యూనియన్ వాళ్లు, ఒక్కోసారి ఆ ఉద్యోగి భార్యాపిల్లలు. "మీ పని అయిపోయింది కదా, ఆయన ఉద్యోగం పోతే ఇల్లు ఏమవుతుంది, అప్పు తిరిగిచ్చాడని చెప్పండి చాలు." ఆ కన్నీళ్లు నిజమైనవే కావచ్చు. శిక్ష తగ్గించమని జడ్జిని మనస్ఫూర్తిగా కోరుకోండి, తప్పులేదు. జరిగింది జరగలేదని మాత్రం చెప్పకండి. అలా చెబితే ప్రమాణం చేసి అబద్ధమాడిన కేసు మీ మీద పడుతుంది, పైగా ఆ బల్ల దగ్గరికి రేపు వచ్చే మనిషికి దారి మీరే మూసేసినట్టు అవుతుంది.

విచారణ రెండేళ్లలో ముగించే ప్రయత్నం చేయాలని చట్టం అంటుంది గానీ, అంతకంటే ఎక్కువే పడుతుందని అనుకుని సిద్ధంగా ఉండండి. సమన్లు వచ్చేలోపు ఇల్లు మారితే కొత్త చిరునామా, ఫోన్ నంబరు దర్యాప్తు అధికారికి రాసి ఇవ్వండి. ఆ నోటుబుక్కు, అర్జీ రసీదు, ఫిర్యాదు నకలు ఒకే కవరులో పెట్టి బీరువాలో ఉంచండి. రికార్డు చేసిన ఫోనును ఏసీబీ తీసుకోకపోయి ఉంటే, కొత్తది కొన్నా పాతది ఎక్స్ఛేంజికి ఇవ్వకండి, ఫార్మాట్ చేయకండి.